ఆటోనగర్‌లో వేసిన తోడు

ఆ ఆదివారం సత్యవేణి వడ్డించిన పప్పు పాసిపోయింది.

ముద్ద నోటిదాకా తీసుకెళ్ళి ప్రసూన ఆగిపోయింది. మామిడికాయ పప్పు. పైన ఎండుమిర్చి తాలింపుతో చూడ్డానికి నిగనిగలాడుతోంది. వాసన మాత్రం పులిసిన కంపు. ఎదురుగా ఆమె అన్న కాళాచారి రెండోసారి నెయ్యి వేయించుకుని వేళ్ళు నాక్కుంటూ తింటున్నాడు. మామిడికాయ పులుపులో పాసిన పులుపు కలిసిపోయినట్టుంది, నాలుక పట్టుకోలేదు. పట్టుకోవాల్సింది ముక్కు.

"ఏమ్మాయ్, తినవేంటి? ఉప్పు తగ్గిందా?" అంది సత్యవేణి.

"లేదు వదినా. పొద్దున టిఫిను ఎక్కువైంది."

సత్యవేణి వంటకు వంక పెట్టినవాడు బెజవాడ ఆటోనగర్‌లో ఇంకా పుట్టలేదు. వీధి చివర పబ్లిక్ ఛార్జింగ్ స్టేషను పక్కన ఆమెకు టిఫిన్ బండి ఉంది. కారుకు ఛార్జింగ్ పెట్టి ఊరికే కూర్చోలేని జనం ఆమె పెసరట్టు తిని, కారు సంగతి మరిచిపోయి, వెనకవాళ్ళ చేత తిట్లు కూడా తినేవారు. అలాంటి మనిషి పాసిపోయిన పప్పును ఆప్యాయంగా కొసరి కొసరి వడ్డిస్తోంది.

ప్రసూన వీపు మీద చెమట పట్టింది. దానికి కారణం మేడ కింద అన్న నడిపే కార్ల షెడ్డులో ఉంది.

ఆ ఏడాదికి పెట్రోలు బంకు కనిపిస్తే బండి ఆపి పిల్లలకు చూపించే రోజులు వచ్చాయి. ఎటు చూసినా కరెంటు కార్లే. కరెంటు కారుకు ఆయిలు మార్చక్కర్లేదు, ప్లగ్గు తుడవక్కర్లేదు. రేడియేటర్లూ సైలెన్సర్లూ బాగుచేసి బతికిన షెడ్లు ఈగలు తోలుకుంటూ కూర్చున్నాయి. ఆ కార్లకు వచ్చే పెద్ద జబ్బల్లా ఒకటే, బ్యాటరీ ముసలిదైపోవడం. దానికి మందు లేదు. కొత్తది వేయించడమంటే ఇంకో కారు కొన్నంత పని. గతిలేని టాక్సీవాళ్ళు కార్లను వీధిలో వదిలేసి కూలిపనులకు పోయేవారు.

ఆ మందు కనిపెట్టింది ప్రసూన. విశ్వవిద్యాలయం ల్యాబులో ఆమె, ఆమె స్నేహితురాలు నజీమా కలిసి బందరు ఉప్పు మడుల్లో దొరికిన ఒక సూక్ష్మజీవిని పెంచారు. బ్యాటరీ లోపల ఏళ్ళ తరబడి పేరుకున్న గట్టి పొరే దాని తిండి. ఛార్జింగ్ పెట్టినప్పుడల్లా మేలుకుని కాస్త తింటుంది, మళ్ళీ నిద్రపోతుంది. కొద్ది రోజుల్లో ముసలి బ్యాటరీకి వయసొస్తుంది. ల్యాబులో మాత్రం ఒక గట్టి నియమం ఉంది. ఎప్పుడు వాడినా తల్లి సీసాలోంచే తీయాలి. ఒక బ్యాటరీలోంచి తీసి ఇంకో బ్యాటరీలో పోయకూడదు. అలా చేతులు మారేకొద్దీ ఆ జీవి ఏమవుతుందో ఎవరికీ తెలియదు. అది తేలేదాకా సీసా గడప దాటకూడదు.

దాటించింది ప్రసూనే. ఇక షెడ్డుకు తాళం వేసేస్తానని అన్న అన్నప్పుడు, చిన్న సీసా ఒకటి హ్యాండ్‌బ్యాగులో పెట్టుకుని వచ్చింది. "నీ ఒక్కడికే అన్నయ్యా. ఎవరికీ ఇవ్వకు" అంది.

కాళాచారి మనస్ఫూర్తిగానే తలూపాడు. కానీ ఎదురు షెడ్డు మస్తాన్‌వలి గిన్నె పట్టుకుని వచ్చి "కొంచెం పొయ్యన్నా" అని నిలబడితే ఏం చేస్తాడు? పెరుగుకు తోడు అడిగితే పగవాళ్ళకైనా లేదనకూడదని, అంటే ఇంట్లో పాడి నిలవదని వాళ్ళమ్మ నూరిపోసి పెంచింది. దీపాలు పెట్టకముందే వచ్చి తీసుకుపొమ్మనడం తప్ప ఆయనకు వేరే మాట రాలేదు. మస్తాన్ గుంటూరులో బావమరిదికిచ్చాడు. గుంటూరు ఒంగోలుకిచ్చింది. బాగైన కారులోంచి చెంచాడు తీసి జబ్బు కారులో పోయడం, అంతే. దానికి తోడని పేరు కూడా వాళ్ళే పెట్టుకున్నారు. బండి బాగైతే "తోడుకుంది" అనేవారు.

ఇదంతా ప్రసూనకు తెలుసు. ఒకసారి రాజమండ్రి వెళ్తుంటే టాక్సీ డ్రైవరు, ఈవిడెవరో తెలియక, "ఆటోనగర్ తోడు ఏయించానమ్మా, పిల్లల చదువు నిలబడింది" అన్నాడు. ఆ మాటను ఇంటికొచ్చాక కూడా తలుచుకుని తలుచుకుని మురిసిపోయింది. ఆపాల్సిన మనిషి మురిసింది. తర్వాతి రోజుల్లో ఆమెను అన్నిటికన్నా ఎక్కువ కాల్చింది ఆ మురిపెమే.

భోజనాలయ్యాక వంటింట్లోకి వెళ్ళి, నవ్వులాటగా వదిన కళ్ళు చేత్తో మూసి, ఇంగువ డబ్బా మూత తీసి ఆమె ముక్కు కింద పెట్టింది.

"ఏంటిది చెప్పుకో వదినా."

"ఏముంది? ఖాళీ డబ్బా."

ఇంగువ ఘాటుకు ప్రసూన కళ్ళలో నీళ్ళు తిరుగుతున్నాయి. నిజం చెప్పడానికి అంతకన్నా మంచి సమయం దొరకదు. "అవును, ఖాళీదే. నిన్నెవరూ మోసం చెయ్యలేరు" అని మూత పెట్టేసింది. వెళ్ళేటప్పుడు కింద షెడ్డులో ఛార్జింగ్‌లో ఉన్న కారులోంచి చెంచాడు తోడు తీసి సీసాలో పోసుకుంది.

*

ల్యాబులో నజీమా రెండు పెట్టెల్లో ఎలుకలను పెట్టింది. ఒక పెట్టె పక్కన తల్లి సీసా జీవి ఉన్న బ్యాటరీ, రెండో పెట్టె పక్కన ఆటోనగర్ తోడు పోసిన బ్యాటరీ. రెండింటికీ రోజూ ఛార్జింగ్ పెడుతూ వచ్చింది. తర్వాత రెండు పెట్టెల్లోనూ పొట్టు కింద ఎండురొయ్యలు దాచింది.

మొదటి పెట్టెలో ఎలుకలు పొట్టంతా చిందరవందర చేసి రొయ్యలు లాక్కున్నాయి. రెండో పెట్టెలోవి ఆ రొయ్యల మీద నుంచే నడిచి వెళ్ళి, మూలన కూర్చుని, ఆకలికి చెక్క కొరకడం మొదలుపెట్టాయి.

నజీమా అద్దాల మీద నుంచి ఆమెను చూసింది. "నీ ఆటోనగర్ తోడు పులిసింది. ఛార్జింగ్ అయ్యేటప్పుడు గాలి వదులుతోంది. దానికి రంగూ వాసనా లేవు. ముక్కులో వాసన పట్టే నరాలను ఎండబెడుతోంది."

"కోలుకుంటాయా?"

"త్వరగా బయటకు తీస్తే కొన్నిటికి వాసన తిరిగొస్తుంది. ఎక్కువ రోజులు పీల్చినవాటికి రాదు. ఇదిగో, వెచ్చగా, నిదానంగా ఛార్జింగ్ పెడితే ఈ జీవి చచ్చిపోతోంది. కాకపోతే దాంతోపాటు బ్యాటరీ కూడా పోతుంది." నజీమా చేతి తొడుగులు తీసి పక్కన పడేసింది. "ఈరోజే చెప్పెయ్ ప్రసూనా. స్టేషన్ల వాళ్ళకు చెబితే అన్నిచోట్లా ఒకేసారి ఆ ఛార్జింగ్ పెట్టేస్తారు."

"ఇంకోసారి చేసి చూద్దాం. కచ్చితంగా తేలాక చెబుదాం."

"తేలింది కదా, ఇంకేం తేలాలి?"

ప్రసూన లోలోపల లెక్క వేసుకుంది. చెబితే అన్న షెడ్డు మూతపడుతుంది. అన్నతో పాటు వీధి, వీధితో పాటు జిల్లాల్లో ఉన్న టాక్సీలన్నీ ఆగిపోతాయి. సీసా బయటకెలా వచ్చిందని అడుగుతారు. ఉద్యోగం పోతుంది, పేరు పోతుంది. ఇవన్నీ ఒక్కొక్కటిగా తలుచుకుంది గానీ, ఒట్టేసి చెప్పమంటే అన్న కోసం ఆగిందో తన కోసం ఆగిందో ఆమే చెప్పలేకపోయేది. అడుసు తొక్కనేల కాలు కడగనేల అన్నారు పెద్దలు. ప్రసూన అడుసులోనే నిలబడి, కాలు శుభ్రంగా ఉన్నట్టు నటించింది. మళ్ళీ పరీక్ష పెట్టమని నజీమాకు చెప్పింది. నజీమా విసురుగా కొత్త పొట్టు తెచ్చి పెట్టెల్లో పోసింది.

*

అంతలో కాళాచారి ఫోను చేశాడు. ఏలూరులో ఉన్న ఆయన కూతురు తన్మయికి ఏడో నెల. సీమంతం చేసి పురిటికి తీసుకొస్తున్నామనీ, మేడ మీద గదికి సున్నం కూడా వేయించాననీ సంబరంగా చెప్పాడు.

మేడ మీద గది. దాని కింద షెడ్డు. షెడ్డు నిండా ఛార్జింగ్‌లో ఉన్న కార్లు.

"ఇప్పుడు వద్దన్నయ్యా" అని ప్రసూన గబుక్కున అనేసింది. ఎందుకని ఆయన అడిగాడు. చెప్పడానికి ఏమీ దొరక్క, గోడ మీద క్యాలెండరు కనిపిస్తే, "శుక్ర మూఢం నడుస్తోంది. మూఢంలో కడుపుతో ఉన్నదాన్ని ప్రయాణం చేయిస్తారా?" అంది.

అవతల కాళాచారి పగలబడి నవ్వాడు. "ఓసేవ్ సత్యా, ఇది విన్నావా? మన పెళ్ళి ముహూర్తం చూస్తుంటే పంచాంగం పొయ్యిలో పెట్టమన్న మనిషి, ఇయ్యాల మూఢం చెబుతోంది!"

సత్యవేణి ఫోను లాక్కుంది. "నువ్వు నవ్వమాక. అంత చదువుకున్నది ఊరికే చెప్పిద్దా? అమ్మాయ్, నువ్వు చెప్పినట్టే చేస్తాం. మూఢం పోయాకే తీసుకొస్తాం."

ఫోను పెట్టేశాక ప్రసూనకు తన మీద తనకే రోత పుట్టింది. మేనకోడల్ని ఒడ్డుకు చేర్చి వీధినంతటినీ నీళ్ళలో వదిలేసింది. అదీ తన చదువు మీద వదినకున్న నమ్మకాన్ని అడ్డం పెట్టుకుని. ఆ వారం ఆటోనగర్ వెళ్ళలేదు. పై వారం వెళ్ళింది గానీ, సత్యవేణి బండి దగ్గర జనం పల్చబడ్డం చూసి, చూడనట్టు పక్క వీధిలోంచి వెళ్ళిపోయింది.

మూఢం పోకముందే మస్తాన్‌వలి ఇంట్లో గ్యాసు అంటుకుంది.

గొట్టం ఊడి గ్యాసు కారుతోంది. ఇంట్లో నలుగురూ ఉన్నారు, ఒక్కరికీ వాసన తెలియలేదు. మస్తాన్ భార్య గౌసియా టీ పెడదామని స్టవ్ వెలిగించింది. ప్రాణం దక్కింది. రెండు చేతులూ మోచేతుల దాకా కాలిపోయాయి.

ఆసుపత్రికి వెళ్ళిన ప్రసూనను చూసి గౌసియా అంత బాధలోనూ లేచి కూర్చోబోయింది. "నువ్వెందుకొచ్చావక్కా, నీకెన్ని పనులుంటాయో. నా రాత అట్టా రాసిపెట్టుంది, అంతే" అంది. పక్కనున్న మస్తాన్ ప్రసూన చేతిలో టీ గ్లాసు పెట్టాడు. ఆమె దాన్ని తాగకుండా కిటికీలో పెట్టేసింది. గౌసియా రాతలో రాసిపెట్టిందేమీ లేదు. ఎండురొయ్యల మీద నుంచి ఎలుకలు నడిచిపోయిన రోజే ప్రసూన నోరు విప్పి ఉంటే ఆ చేతులు బాగుండేవి.

*

ఆసుపత్రి నుంచి నేరుగా షెడ్డుకు వెళ్ళింది. కాళాచారి ఒక కారు కింద పడుకుని పని చేస్తున్నాడు. ఆయన ముఖం కనిపించకపోవడమే మేలనుకుని, నిలబడ్డచోటు నుంచే చెప్పేసింది.

"అన్నయ్యా, తోడు పాడైపోయింది. అందరి ముక్కులూ దానివల్లే పోతున్నాయి. గౌసియా కాలింది దానివల్లే. మీకు మూఢం అని చెప్పినప్పటికే నాకు తెలుసు."

కారు కింద పానా చప్పుడు ఆగింది. ఆయన మెల్లగా బయటకు జరిగి, గుడ్డతో చేతులు తుడుచుకున్నాడు. ఆశ్చర్యపోయినట్టు లేడు.

"ముక్కుల సంగతి మాకు తెలుసులేవే" అన్నాడు. "ముందు మస్తాన్‌కి పోయింది. తర్వాత నాకు. కాలిన రబ్బరు కంపు తప్పిందని నవ్వుకున్నాం కూడా. నీకు చెబితే తోడు వెనక్కి తీసుకుంటావని ఎవరం చెప్పలా."

ప్రసూన పక్కనున్న టైరు మీద కూలబడింది. ఇన్నాళ్ళూ ఆమె ఆయన దగ్గర దాచింది, ఆయన ఆమె దగ్గర దాచాడు.

"దాన్ని చంపేయాలన్నయ్యా. చంపితే బ్యాటరీలు కూడా పోతాయి."

"అంటే ఈది పోయిద్ది." కాళాచారి గొంతు పెరిగింది. "ఇప్పుడిప్పుడే నాలుగు వేళ్ళు నోట్లోకి పోతున్నయ్. ముక్కు లేకపోతే మనిషి చావడు చెల్లాయ్, పని లేకపోతే చస్తాడు. గ్యాసంటావా, గొట్టాలన్నీ నేనే చూసి బిగిస్తా. అందర్నీ జాగ్రత్తగా ఉండమంటా. నువ్వు నోరు మూసుకో, నీ కాళ్ళు పట్టుకుంటా."

నిజంగానే వంగబోయాడు. ఆ ఒక్క క్షణం ప్రసూనకు నోరు మూసుకోవాలనే అనిపించింది.

"నాదీ పోయిందా?"

సత్యవేణి మెట్ల మీద నిలబడి ఉంది. చేతిలో కాఫీ గ్లాసులు. ఎప్పుడొచ్చిందో ఇద్దరూ చూడలేదు.

"చెప్పమ్మాయ్. నాదీ పోయిందా?"

"పోయింది వదినా."

సత్యవేణి గ్లాసులు మెట్టు మీద పెట్టింది. "బండి దగ్గరికి జనం రావట్లా. పెసరట్టు తుంచి వదిలేసి పోతున్నారు. నా చెయ్యి చెడిందనుకున్నా. ఇరవైయేళ్ళ నుంచి చేస్తున్న అల్లప్పచ్చడి, ఏం తక్కువైందో తెలియక రోజూ మార్చి మార్చి నూరుతున్నా. ఎవరూ లేకుండా చూసి ఏడ్చుకున్నా. ఈయనకి తెలుసు, చెప్పలా. నీకూ తెలుసు." ఆమె ఒక మెట్టు దిగింది. "ఇంగువ డబ్బా పెట్టావే, అందులో ఇంగువుందా?"

"ఉంది" అంది ప్రసూన. ఆ మాట పైకి వినిపించిందో లేదో ఆమెకే తెలియలేదు.

"ఖాళీ అన్నావు."

ప్రసూన తల దించుకుంది. తిట్టినా కొట్టినా బాగుండుననిపించింది. సత్యవేణి తిట్టలేదు. భర్తకేసి తిరిగి, "గౌసియా చేతులు చూసొచ్చావా నువ్వు?" అని అడిగింది. ఆయన మళ్ళీ గుడ్డతో చేతులు తుడుచుకోసాగాడు. "నేను చూసొచ్చా. ఇంకెవరి చేతులూ అట్టా చూడలేను." మళ్ళీ ప్రసూన వైపు చూసి, "వెళ్ళు. ఎవరికి చెప్పాలో వాళ్ళకి చెప్పు" అంది.

*

స్టేషన్లు నడిపే కార్యాలయంలో ప్రసూన మొదటి నుంచీ జరిగిందంతా చెప్పింది. సీసా హ్యాండ్‌బ్యాగులో పెట్టుకోవడం దగ్గర నుంచి ఏదీ దాచలేదు. తోడు వేసిన కారు ఏ పబ్లిక్ స్టేషన్లో తగిలించినా, వెచ్చగా, నిదానంగా ఛార్జింగ్ ఎక్కేలా వాళ్ళు ఏర్పాటు చేశారు. తోడు చచ్చింది. కార్లూ చచ్చాయి. స్టేషన్ల దగ్గర డ్రైవర్లు స్టీరింగ్ మీద తల పెట్టుకుని కూర్చున్నారు. కొందరు స్టేషన్ అద్దాలు పగలగొట్టారు. ఆటోనగర్ మళ్ళీ ఈగలు తోలుకుంది.

విశ్వవిద్యాలయం ఆమెను ఇంటికి పంపించింది. నజీమా ఇంకా ముక్కులు బాగుచేసే మందు వెతుకుతూనే ఉంది, ఇంతవరకూ దొరకలేదు. కాళాచారి వీధిలో వాళ్ళందరినీ పిలిచి, "సీసా పంచింది నేను. మా చెల్లెలు ఎవరికీ ఇవ్వొద్దనే చెప్పింది" అన్నాడు. అది అబద్ధం కాదు, కానీ పూర్తి నిజమూ కాదు. తనకు ముందే తెలుసన్న మిగతా సగం ప్రసూన చెప్పబోతే జనం వినలేదు. "మన బాగు కోసమే చేసిందిలే" అని ఎవరి పని మీద వాళ్ళు పోయారు. శిక్ష పడుతుందని సిద్ధమై వచ్చినవాళ్ళకు జాలి దొరికితే అది దించుకోలేని బరువు.

పడుచువాళ్ళకు కొందరికి వాసన తిరిగొచ్చింది. గౌసియాకు కాఫీ వాసన తెలుస్తోందట. సత్యవేణికి రాలేదు. ఆమె బండి పక్కన పెట్టేసింది.

ప్రసూన ఇప్పుడు ఆటోనగర్‌లోనే ఒక గది తీసుకుని ఉంటోంది. పొద్దున్నే ఇంటింటికీ వెళ్తుంది. పాలు విరిగాయా, కూర నిలవుందా, గ్యాసు కారుతోందా అని వాసన చూసి చెబుతుంది. ఎవరూ రమ్మని పిలవలేదు, తానే మొదలుపెట్టింది. తర్వాత అదే అలవాటై, కాస్త ఆలస్యమైతే "అక్క ఇంకా రాలేదే" అని ఎదురుచూస్తున్నారు. అన్న ఇంటికి కూడా వెళ్తుంది. సత్యవేణి గిన్నెలు వరసగా పెట్టి పక్కకు జరుగుతుంది. ప్రసూన చూసి, బాగున్నవీ బాగాలేనివీ చెబుతుంది. ఆ రెండు ముక్కలు తప్ప వాళ్ళ మధ్య మాటల్లేవు.

తన్మయి ఏలూరులోనే ప్రసవించి, పాపకు మూడో నెల వచ్చాక పుట్టింటికి వచ్చింది. కార్లు పోయి, గాలి శుభ్రపడి అప్పటికి నెలలు గడిచాయి. ప్రసూన వెళ్ళేసరికి సత్యవేణి పాపకు నలుగు పెట్టి, నీళ్ళు పోసి, సాంబ్రాణి పొగ వేసి, మెత్తటి పాత చీరలో చుడుతోంది. తల్లి పక్క గదిలో నిద్రపోతోంది.

ప్రసూన అలవాటుగా వంటింటి వైపు నడవబోయింది.

"గిన్నెలు కాదు" అంది సత్యవేణి. వచ్చి, పాపను ఆమె ఒళ్ళో పెట్టింది. "దీని వాసన ఎట్టా ఉందో చెప్పు."

ప్రసూన వంగి పాప తల మీద ముక్కు ఆనించింది. కళ్ళు మూసుకుని పీల్చింది.

"పాల వాసన వదినా."

"పచ్చి పాలా, కాగినయ్యా?"

"కాగి చల్లారిన పాలు. మీగడ కట్టకముందు ఉంటుందే, అలాంటి వాసన."

"ఇంకా?"

"సాంబ్రాణి, జుట్టులో. చెవి వెనకాల సున్నిపిండి, పెసర్ల వాసన ఇంకా పోలేదు. మెడ మడతలో కొంచెం పులుపుంది, కక్కిన పాలనుకుంటా."

సత్యవేణి ఒక్కో మాటా లోపలికి తీసుకుంటోంది. ప్రతి మాటకూ, పచ్చడి రుచి చూస్తున్నప్పటిలా, ఆమె పెదవులు కదులుతున్నాయి. తన్మయి పుట్టినప్పటి వాసన గుర్తు చేసుకుంటోందేమో.

ప్రసూన ఇక ఆపుకోలేకపోయింది. కన్నీళ్ళు పాప చీర మీద పడుతున్నాయి. "వదినా, నన్ను..."

"అదంతా తర్వాత" అంది సత్యవేణి, ఇంకాస్త దగ్గరికి జరిగి. "ముందు మెడ దగ్గర ఇంకోసారి చూసి చెప్పు."